రెండు జబ్బులు, ఒకే కంచం: మధుమేహంతో కూడిన క్షయ చరిత్ర

మధుమేహం ఉన్నవారికి ఊపిరితిత్తుల క్షయ సోకినప్పుడు ఇంటివారికి ముందుగా కలిగే సందేహం మందుల గురించి కాదు, పథ్యం గురించి. "టీబీకి బాగా తినాలంటారు, షుగరుకు నోరు కట్టుకోవాలంటారు, ఇంతకూ ఏం పెట్టాల సార్?" అని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల రోగుల బంధువులు నన్ను అడగని సంవత్సరం నా ఉద్యోగ జీవితంలో లేదు. పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న వెనుక నూరేళ్లకు మించిన వైద్య చరిత్ర ఉంది. ఒకప్పుడు దీనికి సమాధానం వైద్యుల వద్ద కూడా లేదు. ఇప్పుడు ఉంది. అయితే ఆ సంగతి చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు. అందువల్ల ఒక ఇంట్లో రోగి సగం కడుపుతో చిక్కిపోతున్నాడు. మరో ఇంట్లో గ్లూకోజు నీళ్లు, చీనీ రసం తాగి రక్తంలో చక్కెరను అదుపు తప్పిస్తున్నాడు. ఈ సందిగ్ధం ఎలా పుట్టింది, ఎలా తీరింది అన్నది తెలిస్తే నేటి చికిత్స సులభంగా అర్థమవుతుంది.

ప్రాచీనుల దృష్టిలో

మన ఆయుర్వేద గ్రంథాలకు ఈ రెండు వ్యాధులూ వేర్వేరుగా బాగా తెలుసు. చరక సంహిత రాజయక్ష్మకు నాలుగు కారణాలు చెప్పింది: శక్తికి మించిన సాహసం, వేగాలను ఆపుకోవడం, ధాతుక్షయం, విషమాశనం. విషమాశనమంటే వేళకూ పాళ్లకూ పొంతన లేని తిండి. ప్రమేహానికి అదే గ్రంథం చూపిన కారణాలు దీనికి దాదాపు విపరీతం: కదలకుండా సుఖంగా కూర్చోవడం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు. సుశ్రుతుడు ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేది, అపథ్యం వల్ల వచ్చేది అని రెండుగా విభజించాడు. మొదటి రకం రోగి కృశించి ఉంటాడనీ, రెండో రకం రోగి స్థూలంగా ఉంటాడనీ గుర్తించాడు.

క్షయ లేమి వల్ల వచ్చే జబ్బు, మధుమేహం కలిమి వల్ల వచ్చే జబ్బు అనే భావన జనంలో ఈనాటికీ బలంగా ఉంది. ఒకే మనిషిలో ఈ రెండూ ఉంటాయన్న ఆలోచన సులభంగా తట్టకపోవడానికి అదొక కారణం. కాని వెయ్యేళ్ల క్రితమే పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా మధుమేహ రోగులను క్షయ వెన్నాడుతుందని గమనించాడు. 1883లో బెర్ట్రామ్ విండిల్ డబ్లిన్ వైద్య పత్రికలో మధుమేహంతో మరణించిన 333 మంది శవపరీక్షల వివరాలను క్రోడీకరించి, వారిలో సగానికి పైగా క్షయ ఉన్నదని చూపాడు. అంతకు ఒక్క ఏడాది ముందే, 1882 మార్చి 24న, బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని లోకానికి ప్రకటించాడు. ఆ కాలపు వైద్యులకు ఒక విషయం స్పష్టంగా తెలుసు: మధుమేహ రోగి కోమా నుంచి తప్పించుకుంటే, తరవాత అతని కోసం కాచుకొని ఉండేది క్షయే.

మన సీమలో క్షయ వైద్యం

కడప జిల్లాకు ఆ రోజుల్లో తిండి లేమే పెద్ద జబ్బు. 1876-78 నాటి ధాత కరువు దత్తమండలాలను తుడిచిపెట్టింది. 1950ల ఆరంభంలో కూడా రాయలసీమ గంజి కేంద్రాల మీద బతికింది. పెన్న ఒడ్డున ఉన్న జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వారు నెలకొల్పిన ఆసుపత్రి ఆ ప్రాంతంలో ఆధునిక వైద్యానికి తొలి ఆసరాలలో ఒకటి. నేటికీ అది క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరుతోనే ప్రసిద్ధం. అయితే క్షయకు ఆ కాలంలో ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు. విశ్రాంతి, పొడి గాలి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స.

ఆ చికిత్స కోసం దక్షిణాదిలోని అనేక క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లె సమీపంలో ఒక శానిటోరియం కట్టాయి. దానికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. 1912లో పునాది పడి, 1915లో అది రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. మదనపల్లె తాలూకా 1911 దాకా కడప జిల్లాలోనిదే. ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఆ మెరక నేల, పొడి వాతావరణం శానిటోరియానికి అనువని భావించారు. మా చిన్నతనంలో పెద్దలు "ఆయన్ను ఆరోగ్యవరం తీసుకపోయినారు" అని గొంతు తగ్గించి అంటే చాలు, జబ్బు పేరు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యేది.

శానిటోరియం వైద్యానికి భోజనశాలే గుండెకాయ. పాలు, గుడ్లు, నెయ్యి, మాంసం రోగి తినగలిగినంత పెట్టేవారు. వారం వారం బరువు తూచేవారు. బరువు పెరిగితే రోగి కోలుకుంటున్నట్టు, తగ్గితే జబ్బు గెలుస్తున్నట్టు. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి పంపి, జబ్బు చేసిన ఊపిరితిత్తిని కొంతకాలం ముడుచుకొని ఉండేట్టు చేసేవారు. ఊపిరితిత్తికి విశ్రాంతి, ఒంటికి పోషణ అన్నవే ఆ వైద్యానికి మూలసూత్రాలు.

ఉపవాసమా, పోషణా?

సరిగ్గా అవే సంవత్సరాల్లో ప్రపంచంలో మధుమేహానికి జరుగుతున్న వైద్యం దీనికి పూర్తి విరుద్ధం. న్యూయార్క్‌లో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు రోగులను మొదట మూత్రంలో చక్కెర కనబడకుండా పోయేదాకా ఉపవాసం ఉంచి, ఆ తరవాత అతి కొద్దిపాటి ఆహారంతో నెట్టుకొచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇన్సులిన్ లేని ఆ కాలంలో అంతకన్నా మెరుగైన మార్గం లేదు. దానివల్ల కొందరు మరికొన్ని నెలలు, కొన్నేళ్లు బతికారు. కాని ఎముకల గూళ్లుగా మిగిలారు.

ఇప్పుడు రెండు జబ్బులూ ఉన్న రోగి సంగతి ఊహించండి. క్షయ వైద్యుడు చెప్పినట్టు తింటే చక్కెర పెరిగి కోమాలోకి వెళతాడు. మధుమేహ వైద్యుడు చెప్పినట్టు పస్తులుంటే క్షయ అతన్ని తినేస్తుంది. ఒకే కంచం ముందు ఇద్దరు వైద్యులు కూర్చొని, ఒకరు వడ్డించమంటుంటే మరొకరు తీసివేయమంటున్నట్టు ఉండేది పరిస్థితి. నేటికీ మన ఇళ్లలో వినిపించే సందేహానికి మూలం ఇదే. ఆ రోజుల్లో అది సందేహం కాదు, నిజమైన సంకటం.

ఈ ముడి విప్పింది ఇన్సులిన్. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని వేరుచేశారు. 1922 జనవరిలో 14 ఏళ్ల బాలుడికి తొలిసారిగా ఇచ్చారు. ఇక మధుమేహ రోగి కడుపు నిండా తినవచ్చు. తిన్నదానికి తగిన ఇన్సులిన్ తీసుకుంటే చాలు. ఉపవాస చికిత్స కొద్ది కాలంలోనే కనుమరుగయింది. కోమా మరణాలు తగ్గాయి. దానితో క్షయ కూడా మధుమేహ రోగులను వదిలిపోతుందని చాలామంది ఆశించారు.

అలా జరగలేదు. 1934లో బోస్టన్ వైద్యుడు హొవార్డ్ రూట్ ఈ రెండు వ్యాధుల సాహచర్యంపై వివరమైన పరిశీలన ప్రచురించాడు. మధుమేహ రోగుల్లో క్షయ ఇతరుల కన్నా ఎక్కువనీ, చక్కెర అదుపు తప్పినవారిలో అది మరీ అధికమనీ తేల్చాడు. తరవాత అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 3,106 మంది మధుమేహ రోగులకు ఎక్స్‌రేలు తీసి, ఆ ఫలితాలను 1952లో ప్రకటించారు. వారిలో 8.4 శాతం మందిలో క్షయ ఛాయలు కనిపించాయి. పోల్చి చూసిన కార్మికులలో అది 4.3 శాతం. ఇన్సులిన్ ఉంటే సరిపోదు, చక్కెర నిజంగా అదుపులో ఉండాలి అన్నది ఈ పరిశీలనలు నేర్పిన పాఠం.

కారణం నేడు మనకు బాగానే తెలుసు. క్షయ సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లో ప్రవేశించినప్పుడు వాటిని మింగి బంధించే బాధ్యత భక్షక కణాలది. వాటికి దన్నుగా నిలిచేవి టీ కణాలు. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే ఈ రెండింటి పని మందగిస్తుంది. సైన్యం ఉంటుంది, కాని ఆలస్యంగా కదులుతుంది. ఆ లోపు శత్రువు కోటలో స్థిరపడుతుంది. 2008లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లని తేలింది.

మద్రాసు పరిశోధన

క్షయకు అసలైన మందులు వచ్చింది 1940లలో. 1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వెలుగుచూశాయి. అప్పుడు భారత దేశం ముందున్న పెద్ద ప్రశ్న: లక్షలాది రోగులకు శానిటోరియం పడకలు ఎక్కడివి? శానిటోరియంలోని గాలి, విశ్రాంతి, భోజనం లేకుండా మందులు పనిచేస్తాయా?

దీనికి జవాబు మన పొరుగునే దొరికింది. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో వాలస్ ఫాక్స్ నాయకత్వాన 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని శానిటోరియంలో ఉంచి మంచి భోజనం పెట్టారు. మరో భాగం తమ ఇరుకు ఇళ్లలోనే ఉండి, తమ చాలీచాలని తిండే తింటూ అవే మందులు వాడింది. 1959లో ప్రకటించిన ఫలితాల్లో రెండు భాగాలూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. ప్రపంచమంతటా శానిటోరియాలు మూతపడటానికి దారితీసిన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. ఇంటి వద్దే మందు అనే విధానంతో 1962లో మన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలైంది.

దీన్నిబట్టి తిండితో పనిలేదని అనుకోరాదు. మందు లేనిదే తిండి క్షయను నయం చెయ్యలేదు, మందు సక్రమంగా వాడితే తిండి తక్కువైనా సూక్ష్మజీవి చస్తుంది అన్నంతవరకే మద్రాసు ఫలితం. పోషణ విలువను ఇటీవల జార్ఖండ్‌లో జరిగిన అధ్యయనం మరో కోణంలో చూపింది. క్షయ రోగుల ఇళ్లలోని పది వేల మందికి పైగా కుటుంబ సభ్యులను గమనించిన ఆ అధ్యయనంలో, అదనపు పోషకాహారం అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రకటించారు. చికిత్స తొలి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగులలో మరణాలు తక్కువగా ఉన్నాయని కూడా తేలింది. ఈ విషయంలో మధుమేహం ఉన్న రోగికి మినహాయింపు లేదు.

రోగి ఒక్కడు, గదులు రెండు

వైద్యంలో సంకటం తీరిపోయింది. మరి వ్యవస్థలో? క్షయ కార్యక్రమం 1962లో పుట్టి, 1997లో సవరించిన రూపం దాల్చింది. మధుమేహం, గుండెజబ్బులు, క్యాన్సర్ల నివారణకు జాతీయ కార్యక్రమం 2010లో గాని రాలేదు. రెండింటికీ వేర్వేరు రిజిస్టర్లు, వేర్వేరు సిబ్బంది, వేర్వేరు మందుల బీరువాలు. క్షయ మందులు తీసుకోవడానికి ఒక గదికి, చక్కెర మాత్రలకు మరో గదికి తిరిగే రోగి మాత్రం ఒక్కడే.

ఈ గదుల మధ్య గోడ ఎంత నష్టం చేస్తుందో 2012లో వెలువడిన రెండు అధ్యయనాలు చూపాయి. తమిళనాడులో పరీక్షించిన 827 మంది క్షయ రోగులలో 25.3 శాతం మందికి మధుమేహం ఉంది. కేరళలో అది 44 శాతం. క్షయ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ రక్తంలో చక్కెర పరీక్ష, మధుమేహం ఉన్నవారికి ప్రతి సందర్శనలోనూ క్షయ లక్షణాల విచారణ జరగాలని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2017లో మన దేశం అందుకు తగిన జాతీయ విధానాన్ని రూపొందించింది. కాగితం మీద గోడ కూలింది. క్షేత్రంలో దాన్ని కూల్చవలసింది వైద్య సిబ్బందీ, అడిగి పరీక్షలు చేయించుకునే రోగులూ.

మన సీమలో ఈ అవసరం రోజురోజుకూ పెరుగుతోంది. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్ర బువ్వ తిన్న తరం వెనుకబడింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక వరి అన్నం పేదవాడి కంచంలోకి రోజూ చేరింది. అది ఆకలి తీర్చింది, ఆ మేలు చిన్నది కాదు. కాని పని తగ్గి, అన్నం పెరిగి, పప్పు, కూర తగ్గిన కంచం మధుమేహానికి చోటిచ్చింది. దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు 2023లో భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం అంచనా వేసింది. ఇటు ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. గనుల్లో, రాతి పనుల్లో సిలికా దుమ్ము పీల్చేవారికి క్షయ ముప్పు మరింత. గనులూ నాపరాళ్ల పనీ ఉన్న మన ప్రాంతంలో చక్కెర ఉన్న రాతి కార్మికుడికి దగ్గు పట్టుకుంటే దాన్ని "దుమ్ము దగ్గు" అని వదిలివేయరాదు.

తెలుసుకోవలసిన అంశాలు

బరువు తగ్గడాన్ని చక్కెర ఖాతాలో వేయకండి. రెండు జబ్బులూ మనిషిని చిక్కిస్తాయి. "షుగరు కదా, సన్నబడతారులే" అన్న మాట వల్ల క్షయ నిర్ధారణ నెలల తరబడి ఆలస్యమవుతుంది. మాత్రలు మార్చకపోయినా, తిండి మారకపోయినా చక్కెర అకస్మాత్తుగా అదుపు తప్పితే, దానితో పాటు రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, కఫంలో రక్తపు చారలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కఫ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాలి. సాధారణంగా క్షయ ఊపిరితిత్తుల పై భాగంలో కనిపిస్తుంది. మధుమేహ రోగులలో కింది భాగంలో కూడా కనిపించి న్యుమోనియాగా భ్రమింపజేయవచ్చు. సీబీనాట్, ట్రూనాట్ వంటి కఫ పరీక్షలు ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఉచితంగా లభిస్తున్నాయి. మందులు లొంగుతాయా లేదా అన్నది కూడా వీటిలో తెలుస్తుంది.

మందుల మధ్య పొత్తు తెలిసి వాడాలి. క్షయ చికిత్సలో ముఖ్యమైన రిఫాంపిసిన్ కాలేయాన్ని చురుకుచేసి, గ్లైమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి చక్కెర మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. అందుకే మాత్రలు వేసుకుంటున్నా చక్కెర పెరుగుతుంది. అప్పుడు క్షయ మందు మానడం ప్రమాదకరం. చక్కెర మందును వైద్యుడు సరిచేస్తాడు, అవసరమైతే కొంతకాలం ఇన్సులిన్ ఇస్తాడు. "సూది మొదలుపెడితే జీవితాంతం తప్పదు" అనే భయం ఇక్కడ తగదు. క్షయ తగ్గాక చాలామంది తిరిగి మాత్రలకు మారగలరు. ఐసోనియజిడ్ వల్ల అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు రావచ్చు. మధుమేహం వల్ల కూడా అవే వస్తాయి. కనుక దానితో పాటు పిరిడాక్సిన్ మాత్ర తప్పక వేసుకోవాలి. క్షయ మందులు మొదలుపెట్టాక మూత్రం ఎర్రబారితే అది రిఫాంపిసిన్ రంగు, భయపడనక్కరలేదు.

మందులు పూర్తికాలం వాడాలి. మందులకు లొంగే క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స. రెండో నెలకే దగ్గు తగ్గి ఒంట్లో సత్తువ వస్తుంది, అక్కడే చాలామంది మానేస్తారు. మధుమేహం ఉన్నవారికి క్షయ తిరగబెట్టే అవకాశమూ, చికిత్స కాలంలో మరణించే అవకాశమూ ఇతరుల కన్నా ఎక్కువని 2011 నాటి విశ్లేషణ తేల్చింది. అందువల్ల వీరు ఒక్క రోజు మోతాదు కూడా తప్పకూడదు.

ఇక కంచం సంగతి. క్షయ ఉన్న మధుమేహ రోగి పస్తులుండరాదు. తీపి వదలాలి, తిండి వదలరాదు. గ్లూకోజు పొడి, పండ్ల రసాలు, బెల్లపు పానకం, హార్లిక్స్ వంటి తీపి పొడులు వద్దు. పూటకో గుడ్డు, గట్టి పప్పు, మజ్జిగ, గుప్పెడు చెనక్కాయలు, వీలైతే చేప, మాంసం తప్పక ఉండాలి. అన్నం గాని, సంగటి గాని వైద్యుడు చెప్పిన కొలతలో, కూరగాయలు ఎక్కువగా తినాలి. రాగి సంగటి మంచిదే, కాని అది కూడా పిండి పదార్థమే. ముద్ద మీద ముద్ద తింటే చక్కెర పెరగక మానదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తుల పాళ్లు వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. క్షయ రోగులకు పోషణ నిమిత్తం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నాయి. ఆ డబ్బు రోగి గుడ్లకూ పప్పులకూ వెచ్చించండి.

క్షయ నిర్ధారణ అయినప్పుడు చక్కెర ఎక్కువగా ఉంటే కొందరిలో అది జ్వరం, శరీరంపై పడిన ఒత్తిడి వల్ల తాత్కాలికంగా పెరిగినదై ఉండవచ్చు. హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలావరకు తేడా తెలుపుతుంది. చికిత్స ముగిశాక మళ్లీ ఒకసారి చూసుకుంటే నిజం తేలుతుంది.

ఆరోగ్యవరం భోజనశాలకూ ఆలెన్ ఉపవాసానికీ మధ్య ఒకనాడు ఏ దారీ లేదు. ఇప్పుడు ఆ రెంటి మధ్య మంచి బాట పడింది. మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారు ఎవరైనా దగ్గుతుంటే ఈ వారమే కఫ పరీక్ష చేయించండి. ఎవరికైనా క్షయ మందులు నడుస్తుంటే చక్కెర పరీక్ష జరిగిందా అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు, అడగడానికి డాక్టరు కానక్కరలేదు.